ఈల మలుపు కాడ ఆగిన బండి

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు పొయ్యే దోవలో ఒక మలుపుండాది. పక్కన మూతబడిన జిన్నింగు మిల్లు. దాని గోడ సగం కూలిపోయింది. గేటుకు తుప్పు పట్టిన గొలుసు ఇంకా ఏలాడతానే ఉండాది. మలుపు దాటితే రోడ్డు దిగువకు దిగి, ఒక వంకను దాటి, మల్లా పైకి ఎక్కుతాది. పగలు సూస్తే ఆడ ఏముండదు. గొర్రెలు, కంపసెట్లు, గోడ మీద ఎప్పుడో ఎలచ్చన్లకు రాసిన రాతలు. పొద్దు మునిగినాక మాత్రం ఆ మలుపు పేరు ఎత్తితేనే డ్రైవర్ల గొంతు సన్నబడతాది.

దాన్ని ఈల మలుపు అంటారు.

ఎప్పుడో — ఏ సంవత్సరమని అడిగితే ఒక్కొక్కరు ఒక్కోటి సెప్తారు — ఆడ ఒక పోలీసాయన రాత్రిపూట లారీకి సెయ్యి అడ్డం పెట్టినాడంట. లారీ ఆగలేదు. అంతే. ఆ నాటి నుంచి, అర్ధరాత్రి దాటినాక మిల్లు గోడ కాడ ఈల ఇనపడతాది. ఎర్రలైటు ఒకటి ఇట్ల... అట్ల... ఊగుతాది. సెయ్యి కనపడతాదంట. సేతి ఎనక మనిషి కనపడడంట.

ఆపినోడు అయిపోయినట్టే. మిరపకాయల లారీ తోలే ఆయప్ప ఒకడు ఆపి, పదకొండు దినాలు జరంతో పండుకున్నాడు. కౌతాళం ట్రాక్టరోడు ఆపితే వానికి మాట పడిపోయింది. ఇంకొకడు ఆపినాడంట — తెల్లారి సూస్తే బండి ఈడ, మనిషి కృష్ణగిరిలో! ఎట్ల పోయినావురా అంటే నాకే తెలీదు అన్నాడంట. వాని పెండ్లాం మాత్రం, "ఏ దెయ్యం ఎత్తుకపోయిందో నాకు తెలుసు, దాని ఇల్లు కూడా తెలుసు" అనిందంట. ఆ కత వేరే.

అందుకని డ్రైవర్లంతా ఒక పద్ధతి పెట్టుకున్నారు. మలుపు దగ్గరికి వస్తాందంటే పాట గట్టిగా పెట్టల్ల. ఎడమదిక్కు సూడగూడదు. అద్దంలోంచి ఒక బీడీ బయటికి ఇసిరెయ్యల్ల. ఆ పోలీసాయనకు బతికినప్పుడు బీడీల మీద మోజంట. ఇసిరి, యాక్సిలేటరు అదిమి, ఈల ఇనపడినా, సెయ్యి కనపడినా, ఆపకుండా దాటెయ్యల్ల. బీడీ ముట్టని మంచోల్లు కూడా ఆ దోవన పోయ్యేటప్పుడు జోబీలో ఒక కట్ట పెట్టుకుంటారు.

మహాదేవి సంగతి ఆ మలుపు కాడనే జరిగింది. ఆమె సెప్పింది సెప్పినట్టే ఇది.

మహాదేవిది ఆదోని. మొగుడు అయ్యన్న సిన్న గూడ్సు బండి తోలేటోడు. తెల్లారుజామున బొరుగులు ఏంచే బట్టీ కాడ బస్తాలు ఎక్కిచ్చుకోని, ఎమ్మిగనూరు ఓటేళ్లకు ఏసొచ్చేది ఆయన పని. పొద్దున టిఫినుకు ఉగ్గాని సేసేటోల్లకు అయిదు గంటలకల్లా బొరుగులు పడాల. అయిదున్నరకు పోతే బస్తా ఎనక్కి తీసుకోని పొమ్మంటారు. అట్లాంటి పని.

అయ్యన్న గుండెనొప్పొచ్చి పోయినాడు. రెండేండ్లయింది. మహాదేవి ఏడ్సాల్సినంత ఏడ్సింది. ఆ తరువాత బండి తాళాలు యాడుండాయో ఎతుక్కునింది.

మరిది మాదన్న లారీ డ్రైవరు. ఇరవై ఏండ్ల సర్వీసు. బండి అన్నదమ్ములిద్దరూ కలిసి తీసుకున్నది. "ఆడమనిషి సీకట్లో బండి తోలేదేంది వదినా, అమ్మేద్దాం" అన్నాడు. ఈమె ఇంటే కదా! తోలేది నేర్సుకునింది. కూతురు స్వప్న ఫోన్లో సూసి ప్రశ్నలు సదువుతాంటే, ఈమె రొట్టెలు తడతా జవాబులు సెప్పేది. ఎదురుగా బండొస్తే ఏం సెయ్యల్ల, ఇస్కూలు కాడ ఏం సెయ్యల్ల, పోలీసు ఆపితే ఏం సెయ్యల్ల... రొట్టె మాడినా సరే, జవాబు మాడకూడదు. కంప్యూటరు ముందర కూసోని ఒక్కసారికే పాసయింది. మాదన్న మూడోసారికి పాసయినోడు. ఆ మాట ఇంట్లో ఎవురూ ఎత్తరు. మహాదేవి ఎత్తుతాది.

సివరికి పెద్దమనుషుల ముందర మాదన్న ఒక మాటన్నాడు.

"సరే. వారం దినాలు నేను పక్కన కూసోని సూస్తా. బండి మీద పోలీసోల్లు ఒక్క కేసు రాసినా, ఒక్క రసీదు సింపినా — మరుసనాడే బేరం పెడతా. అప్పుడు నన్ను ఏమనగూడదు."

పెద్దోల్లు తలకాయలు ఊపినారు. మహాదేవి కూడా ఊ అనింది. బండి పోతే మల్లా పత్తి కూలికి పోవల్ల. అది ఆమెకు తెలుసు. మాదన్నకు కూడా తెలుసు.

ఆరు దినాలు ఏ కేసూ లేకుండా గడిసిపోయినాయి.

ఏడో దినం — ఆకరు దినం — రాత్రంతా వాన.

మూడు గంటలకు వాన తెరిపిచ్చింది. ఇరవై రెండు బస్తాలు ఎక్కిచ్చి, పైన పట్టా కట్టి, మహాదేవి బండి తీసింది. సీర మీద అయ్యన్న తెల్ల సొక్కాయి ఏసుకోని, తలకాయకు తువ్వాల సుట్టుకుని ఉండె. పత్తి ఇడిపిచ్చే ఆడోల్లంతా అట్లనే ఏసుకుంటారు, సలికి మంచిది. బట్టీ దుమ్ము పడి సొక్కాయి, తువ్వాల, కనుబొమ్మలు అన్నీ తెల్లగా అయిపోయినాయి.

ఆదోని కొండలు ఎనక్కి పోయినాయి. రోడ్డు మీద మంచు కమ్ముకోని ఉండె. లైటు ఎంత దూరం పడితే అంతే లోకం.

"వదినా."

"ఊ."

"బీడీలు తెచ్చినావా?"

"నాకెందుకప్పా బీడీలు?"

"మలుపుకు."

"ఆరు దినాలు నువ్వే ఏస్తివి కదా. ఇంకా తీరలేదా ఆయప్ప సోకు?"

"ఎటకారమొద్దు వదినా. నా కట్ట తడిసిపోయింది."

"తడిసింది ఎయ్యి. సచ్చినోనికి తడేంది, పొడేంది."

మాదన్నకు నవ్వు రాలేదు. మహాదేవికి మాత్రం ఈ దెయ్యం సంగతి ఎప్పుడూ ఒక పట్టాన ఎక్కదు. సచ్చినోల్లు పనిలేక రోడ్డు పక్కన నిలబడుకుంటారా? అయ్యన్న బతికినప్పుడే రేషను కొట్టు కాడ పది నిముషాలు నిలబడేటోడు కాదు. సచ్చినాక నిలబడతాడా?

అయినా సీకట్లో ధైర్యం వేరే. సీకట్లో ధైర్యానికి సలి పుడతాది.

మిల్లు పొగగొట్టం మంచులో నల్లగా లేచింది. అప్పుడే ఎనక నుంచి ఒక టెంపో హారను కొట్టుకుంటా వచ్చి వీల్లని దాటుకోని పోయింది. పాట ఊరంతా ఇనపడేంత గట్టిగా పెట్టినారు. అద్దంలోంచి ఒక సెయ్యి బయటికొచ్చి ఏదో ఇసిరింది. బీడీ. టెంపో మలుపు తిరిగింది. ఎనకాల ఎర్రలైట్లు మంచులో కలిసిపోయినాయి.

పాట ఇంకా ఇనపడతాంది...

ఇనపడతాంది...

టక్కుమని ఆగిపోయింది.

తగ్గలేదు. దూరం పోలేదు. మధ్యలో తెగిపోయింది — ఎవరో గొంతు పట్టుకున్నట్టు.

మాదన్న సీటులో నిటారుగా కూసున్నాడు. "ఇన్నావా?"

"ఇన్నా."

అంతలో దిగువ నుంచి, మంచులోంచి, ఒక అరుపు. సన్నగా. సాగదీసి.

"ఓ...య్... ఓ...య్..."

మనిషి గొంతే. కానీ మనుషులు అట్ల అరిసేది పాణం మీదికొచ్చినప్పుడే అని మహాదేవికి తెలుసు. ఆమె కాలు తనంతట తనే యాక్సిలేటరు మీంచి పైకి లేచింది.

అప్పుడు ఇనపడింది — ఈల.

పొడుగ్గా. ఒకటే ఊపిరి.

మిల్లు గోడ పక్కన ఎర్రలైటు. ఇట్ల... అట్ల... ఇట్ల... దాని పక్కన ఒక సెయ్యి పైకి లేసింది. సెయ్యి ఒక్కటే. ఎనక అంతా మంచు.

"ఆపొద్దు," అన్నాడు మాదన్న. "తొక్కు వదినా. తొక్కు."

"పోలీసు సెయ్యెత్తినాడు కదప్పా."

"అది పోలీసు కాదు!"

"అవునో కాదో నీకెట్ల తెలుసు?"

"ఈల మలుపు కాడ రాత్రిపూట పోలీసు ఉంటాడా? ఉండేది అదొకటే!"

"నిజం పోలీసయితే? ఆపకుండా పోతే నెంబరు రాసుకుంటాడు. కేసు పడతాది. రేపు నువ్వే బండి అమ్మేస్తావు."

"అమ్మను!"

"అన్న మీద ఒట్టు పెట్టు."

మాదన్న నోరు తెరిసినాడు. మూసినాడు. అంత బయంలో కూడా ఆ ఒట్టు మాత్రం నోట్లోంచి రాలేదు ఆయప్పకు.

మహాదేవి లెక్కేసుకునింది. దెయ్యమయితే పాణం పోతాది. పోలీసయితే బండి పోతాది. పాణం ఎట్లా ఒకనాటికి పొయ్యేదే. బండి పోతే రేపు పొద్దున సంగటి యాడిది?

అంతే. కాలు బ్రేకు మీదికి పోయింది.

కానీ దబుక్కున ఆపలేదు. స్వప్న సదివి పెట్టింది సెవిలో మోగుతాంది. ముందర ఎడమ ఇండికేటరు. అద్దంలో ఎనక సూసుకునేది. మెల్లగా ఎడమకు. రోడ్డు మీంచి దిగల్ల, బురదలోకి దిగగూడదు. హ్యాండుబ్రేకు. ఇంజను బందు. పెద్దలైటు తగ్గిచ్చింది. లోపలి లైటు ఏసింది. అద్దం దించింది. రెండు సేతులూ స్టీరింగు మీద, పైన, కనపడేటట్టు పెట్టుకునింది.

"లైటెందుకేస్తివి వదినా!" మాదన్న ఏడుపు గొంతుతో గుసగుసలాడినాడు. "మనం కనపడతాం కదా!"

"కనపడాలనే ఏసింది."

టిక్... టిక్... టిక్... ఇండికేటరు ఒకటే మోగుతాంది.

ఎర్రలైటు కదిలింది. ఒక అడుగు ముందుకు. రెండు. మూడు... ఆగింది.

మల్లా రెండడుగులు ఎనక్కి పోయింది.

పోలీసోల్లు ఎనక్కి పోయ్యేది మహాదేవి ఎప్పుడూ సూడలేదు. అప్పుడు పుట్టింది ఆమెకు కూడా అసలైన సలి. ఎన్నుపూస కింది నుంచి మెడదాంకా, సీమ పాకినట్టు.

మంచులోంచి గొణుగుడు. మాట తెలీడం లేదు. ఏదో మంత్రం మాదిరి. తరువాత ఒక గొంతు —

"యారదు?"

"కన్నడం," అన్నాడు మాదన్న. "వదినా, అది కన్నడం మాట్లాడతాంది." టక్కుమని బెల్టు ఊడదీసినాడు. తలుపు మీద సెయ్యేసినాడు.

"దిగొద్దు."

"నేను పరిగెత్తుతా."

"దిగమనేదాంకా దిగగూడదు. దిగి పరిగెత్తితే దొంగనుకుంటారు."

"ఎవురు సెప్పినారు?"

"పరీచ్చలో వచ్చింది. నీకు రెండుసార్లు తప్పిందే, అదే అయ్యుంటాది."

మాదన్న తలుపు ఇడిసిపెట్టి, సీటు మీంచి జారి, కాళ్ల కాడ ముడుసుకోని కూసున్నాడు. ఫోను తీసినాడు. "మా సడ్డకుడు ఎమ్మెల్యే ఆఫీసులో ఉంటాడు. ఒక మాట సెప్పిస్తా."

"దెయ్యానికి నీ సడ్డకుడు ఏం లెక్క? పోలీసయితే ఆ పేరు ఇని ఇంకా రేగుతాడు. లోపల పెట్టు."

"పోనీ ఒక నోటు మడిసి..."

"ఇంకొక కేసు అవుతాది. గమ్మునుండు."

మహాదేవి గొంతు సవరిచ్చుకునింది. సేతులు స్టీరింగు మీంచి తియ్యలేదు. గోరింటాకు పెట్టినట్టు అంటుకోని ఉండాయి.

"నమస్కారం సార్. ఆపమంటిరి, ఆపినాను. ఇంజను బందు సేసినాను. కాయితాలు ఎదురుగా డబ్బాలో ఉండాయి. తియ్యమంటే తీస్తాను."

ఎర్రలైటు అటిటు వణికింది. ఈసారి తెలుగులో:

"నువ్వు... ఎవురు?"

"మహాదేవి సార్. ఆదోని."

"ఎవరి మహాదేవివి?"

"అయ్యన్న పెండ్లాన్ని సార్. ఈ బండి ఆయనదే."

"ఆయన... యాడుండాడు?"

"సచ్చిపోయినాడు సార్. రెండేండ్లయింది."

దబ్.

టార్చి కింద పడింది. బురదలో పడి, అడ్డంగా, కంపసెట్ల మీదికి ఎలుగు కొడతాంది. అడుగుల సప్పుడు. ఎవురో గోడ ఎనక్కి పోయినారు. ఈసారి గొంతు గోడ ఎనక నుంచి వచ్చింది.

"బండిలో... ఏముండాది?"

"బొరుగులు సార్."

గోడ ఎనక ఎవురో గట్టిగా ఊపిరి పీల్సినారు. ఆ తరువాత మహాదేవికి తట్టింది. ఈ పక్క బొరుగులు రెండిటికే వాడతారు. ఒకటి ఉగ్గానికి. రెండోది — పీనుగ ముందర సల్లుకుంటా పొయ్యేదానికి.

"ఎన్ని?"

"ఇరవై రెండు బస్తాలు."

"ఇరవై రెండు బస్తాలా..." ఆ గొంతు సన్నగా, పిల్లోని గొంతు మాదిరి అయిపోయింది. "ఇంతమందిని యాడికి తీసుకపోతాండావు తల్లీ..."

మాదన్న కాళ్ల కాడ నుంచి ఆమె సీర కొంగు పట్టుకున్నాడు. "వదినా," అన్నాడు, "దానికే మనమంటే బయంగా ఉండాదేమో."

మహాదేవికి కూడా అదే అనుమానం వచ్చింది. దెయ్యం తల్లీ అంటాదా?

"సార్," అనింది, "నేను మనిషినే."

"అందరూ అట్లనే అంటారు."

"ఏం సేస్తే నమ్ముతారు?"

గోడ ఎనక కొంచెంసేపు ఆలోశన.

"కాళ్లు సూపించు."

"సూపిస్తాను సార్. దిగమంటారా?"

"దిగొద్దు! దిగొద్దు! తలుపు తీసి కాళ్లు మాత్రం బయట పెట్టు!"

"సరే సార్. ఇదో, కుడిసెయ్యి తీస్తాండాను. తలుపు తీస్తాండాను." ఆమె ఏం సేసినా ముందర సెప్పి సేస్తాంది. అది కూడా స్వప్న నేర్పిచ్చిందే. తలుపు తీసి, రెండు కాళ్లూ బయటికి పెట్టింది. రబ్బరు సెప్పులు. ఏళ్లు ముందరికే ఉండాయి. మడమలు ఎనకే ఉండాయి. కొంచెం పగుళ్లు.

గోడ అంచులోంచి ఒక తలకాయ ఇంత బయటికొచ్చి, సూసి, మల్లా లోపలికి పోయింది.

"సార్, తప్పుగా అనుకోవద్దు. మీయి కూడా సూపిస్తే మాకూ ధైర్యంగా ఉంటాది. లోపల మా మరిది సగం సచ్చి ఉండాడు."

గోడ పక్కన ఒక బూటు బయటికొచ్చింది. మోకాలి దాంకా బురద. ముందరికే ఉండాది.

"రెండోది?"

"ఉండమ్మా, పెడతాండా."

రెండో బూటు కూడా వచ్చింది. ముందరికే.

మహాదేవి ఊపిరి ఇడిసింది. గోడ ఎనకాయన ఇంకా గట్టిగా ఇడిసినాడు. కింద పడిన టార్చి తీసుకోని, తుడుసుకోని, మెల్లగా బండి కాడికి వచ్చినాడు. ముప్పై ఏండ్లుంటాయేమో. వానకోటు కింద కాకి బట్టలు, సొక్కాయి మీద పేరు బిళ్ల. కానిస్టేబులు వాదిరాజ. కర్నాటక గట్టున హాలహర్వి దిక్కు మనిషి. బయపడితే తెలుగు మరిసిపోయి కన్నడం వస్తాదంట, రాఘవేంద్రస్వామిని పిలుసుకున్నాడంట. ఆ మంత్రం అదే.

"మీరు ఆపిందెందుకు సార్?"

వాదిరాజ దిగువకు లైటు కొట్టినాడు. మంచు కొంచెం పలసబడింది.

రోడ్డు లేదు.

మలుపు దాటి యాభై అడుగుల్లో రోడ్డు ఉండాల్సిన కాడ ఎర్రనీల్లు తిరుగుతా పోతాండాయి. వంక పొంగి, మోరీ పక్కన మట్టినంతా కోసుకోని పోయింది. టెంపో ఆ నీల్లలో ముక్కు దించి, ఎనక సక్రాలు పైకెత్తి నిలబడి ఉండాది. పైన పట్టా మీద ఇద్దరు మనుషులు కరుసుకోని కూసోని అరుస్తాండారు. "ఓ...య్!"

"ఓయ్ అనొద్దు!" అని వాల్ల దిక్కు అరిసినాడు వాదిరాజ. "జేసీబీ వస్తాంది, కదలకుండా కూసోండి!" మహాదేవి దిక్కు తిరిగినాడు. "రెండు గంటల నుంచి ఈడ నిలబడుకోని సెయ్యెత్తుతాండా. మా ఇంకొకాయన అవతలి గడ్డన ఉండాడు, అటునుంచి వచ్చేవి ఆపేదానికి. నేను అడ్డం ఏసిన కంప కూడా తొక్కుకోని పోయినారు వీల్లు. ఇదేం ఊరమ్మా? సెయ్యెత్తితే బండి ఇంకా స్పీడు పెంచుతాదే గాని తగ్గదు. పైగా..."

జోబీలోంచి పిడికెడు తీసి సూపించినాడు. తడిసిన బీడీలు.

"బీడీలతో కొడతాండారు నన్ను. నాకు ఆ అలవాటే లేదు. ఒకటి కంట్లో పడింది."

మహాదేవి ఆ నీల్ల దిక్కు సూసింది. ఎనక ఇరవై రెండు బస్తాలు. మాదన్న సెప్పినట్టు తొక్కి ఉంటే... బొరుగులు తేలుంటాయి. మనుషులు తేలరు. స్వప్న ఇంట్లో ఇంకా లేసి కూడా ఉండదు. ఆ మాట ఆమె పైకి అనలేదు. సేతులు మాత్రం ఒకసారి సీరకు తుడుసుకునింది.

కాళ్ల కాడ నుంచి మాదన్న మెల్లగా తలకాయ పైకెత్తి, అద్దంలోంచి సూసినాడు. సూసి, మల్లా కిందికి పోయినాడు. ఈసారి బయంతో కాదు.

"కాయితాలు," అన్నాడు వాదిరాజ. డూటీ డూటీనే.

మహాదేవి ఒక్కొక్కటే ఇచ్చింది. ఆర్సీ. ఇన్సూరెన్సు. పొల్యూషను. లైసెన్సు. ఆయప్ప టార్చి పెట్టి ఒకసారి సదివినాడు. తిప్పి సదివినాడు. లైసెన్సులో ఫోటో సూసినాడు, ఆమె మొకం సూసినాడు, మల్లా ఫోటో సూసినాడు. తప్పు యాడా దొరకలేదు. దొరికుంటే ఆయప్పకే కొంచెం నెమ్మదిగా ఉండేదేమో.

అప్పుడు టార్చి ఎలుగు లోపలికి పడింది.

"ఎవరది?"

"మా మరిది సార్. ఇరవై ఏండ్ల సర్వీసు డ్రైవరు. నేను సరిగ్గా తోలుతాండానా లేదా అని సూసేదానికి వచ్చినాడు."

"బెల్టేది?"

మాదన్న ఊడిన బెల్టు ఎతుక్కున్నాడు. "ఉన్నింది సార్. ఇప్పుడే తీసినా."

"ఎందుకు తీసినావు?"

"దెయ్యమొచ్చిందని."

"ఎవరు దెయ్యం?"

మాదన్న ఇరవై ఏండ్ల సర్వీసులో మొదటిసారి పోలీసు ముందర ఎదురు మాట్లాడకుండా కూసున్నాడు. వాదిరాజ రసీదు మిషను తీసి టక్కు టక్కున నొక్కినాడు. సన్నటి కాయితం బయటికొచ్చింది.

మహాదేవి దాన్ని రెండు సేతులతో తీసుకోని మరిదికి ఇచ్చింది.

"అప్పా మాదన్నా. బండి మీద రసీదు పడింది. రేపు బేరం ఎవరితో పెడతావు?"

మాదన్న ఆ కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి, సొక్కాయి లోపలి జోబీలో, ఎవురికీ కనపడని కాడ పెట్టుకున్నాడు. పైకి లేసి సీట్లో కూసోని బెల్టు ఏసుకున్నాడు. టక్. ఇంకొకసారి లాగి సూసుకున్నాడు.

"బేరం లేదు ఏం లేదు," అన్నాడు దిగువకు సూస్తా. "బండి నీదే వదినా. నువ్వే తోలు. రేపటి నుంచి నేను రాను."

"పెద్దోల్లకు ఎవురు సెప్తారు?"

"నేనే సెప్తా."

"రసీదు సంగతి కూడా సెప్తావా?"

"వదినా..."

"సరేలే. అది నేను సెప్తా."

తూర్పు కొంచెం తెల్లబడింది. అవతలి గడ్డ నుంచి జేసీబీ సప్పుడు ఇనపడింది. టెంపో మీద ఇద్దరూ ఓయ్ అనేది మాని, "ఈడ! ఈడ!" అనేదానికి దిగినారు. వాదిరాజ వీల్లకు బండి ఎనక్కి తిప్పుకోని ఊర్ల మీదుగా పొయ్యే సిన్న దోవ సెప్పినాడు. అయిదు గంటలకు కాకపోయినా అయిదుంబావుకు సేరొచ్చు.

మహాదేవి ఒక బస్తా మూతి ఇప్పి, దోసెడు బొరుగులు ఆయప్ప సేతిలో పోసింది. ఆయప్ప ముందర వాసన సూసి, తరువాత నోట్లో ఏసుకున్నాడు.

"సార్, ఒకటడగల్ల."

"అడుగమ్మా."

"ఈడ పోలీసు దెయ్యముందని మా డ్రైవర్లకు బయం. అది సరే. మీరు పోలీసే కదా. మిమ్మల్ని సూసి మేం బయపడల్ల గాని, నన్ను సూసి మీరెందుకు గోడ ఎనక్కి పోయినారు? బొరుగులు, సొక్కాయి, అయ్యన్న — అవన్నీ తరువాత సంగతి. బండి ఆపంగానే మీరు ఎనక్కి అడుగేస్తిరి. నేను సూసినా."

వాదిరాజ నమిలేది ఆపినాడు. అటు ఇటు సూసినాడు. తూర్పు తెల్లబడతాన్నా, గొంతు మాత్రం తగ్గిచ్చి, అద్దం కాడికి వంగినాడు.

"పోలీసు దెయ్యం సంగతి నాకు తెలీదమ్మా. మా టేషన్లో ఈ మలుపు గురించి సెప్పేది వేరే."

"ఏం సెప్తారు?"

"నేను కొత్తగా వచ్చినప్పుడు మా పెద్దాయన కూసోబెట్టి సెప్పినాడు. ఆ మలుపు కాడ తెల్లారుజామున ఒక బండి వస్తాదిరా... సెయ్యెత్తంగానే నెమ్మదిస్తాది. ఎడమలైటేస్తాది. పక్కకు ఆగి, ఇంజను బందు సేసి, లోపల లైటేసి, సేతులు స్టీరింగు మీద పెట్టుకోని, నమస్కారం సార్ అంటాది. ఎవరి పేరూ సెప్పదు. ఫోను తియ్యదు. కాయితాలు అడగకముందే ఉండాయంటాది, అడిగితే అన్నీ సరిగ్గా ఉంటాయి..."

మాదన్న కూడా ముందరికి వంగి ఇంటాండాడు.

"అట్ల ఆగే డ్రైవరు ఈ జిల్లాలో పుట్టలేదు, ఇంక పుట్టడు. అట్లాంటి బండి ఆగితే మాత్రం — దగ్గరికి పోవద్దు. పోయిన కానిస్టేబులు తిరిగి రాలేదు. అని."

ఇండికేటరు ఇంకా టిక్ టిక్ అంటాంది.

మహాదేవి బండి స్టార్టు సేసింది. లోపలి లైటు ఆర్పింది. అద్దంలో ఎనక సూసుకునింది. కుడి ఇండికేటరు ఏసింది.

"రేపు కూడా ఇదే టైముకు వస్తాను సార్," అనింది. "ఆపితే ఇట్లనే ఆగుతాను. మీరు పరిగెత్తొద్దు."

వాదిరాజ నవ్వి, సరే పో తల్లీ అని సెయ్యెత్తినాడు. ఎత్తినాడు గాని — రెండడుగులు ఎనక్కి ఏసినాకనే ఎత్తినాడు.